మొటిమల చీటీ, ట్యూబు మీది రాతలు చదువుకోవడం ఎట్లా

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా మెడికల్ షాపు ముందు నిలబడి "అన్నా, మొటిమలకు ఏదన్నా క్రీము ఇయ్యి" అంటే చేతికొచ్చే ట్యూబు మొటిమకు పనిచేసేది కావచ్చు, మొటిమతో సంబంధమే లేనిది కావచ్చు, ముఖాన్ని పాడుచేసేదీ కావచ్చు. డబ్బా మీది బొమ్మ చూసి తేల్చలేం. బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూస్తేనే తేలుతుంది. షాపుల్లో దాన్ని సాల్ట్ అంటారు. సాల్ట్ పేరు చదవడం, డాక్టరు చీటీ మీది పొట్టి అక్షరాలు తెలుసుకోవడం, ముఖం మీద ఉన్నది ఏ రకం పొక్కో గుర్తుపట్టడం వస్తే డబ్బూ మిగులుతుంది, చర్మమూ మిగులుతుంది.

ముందు, ముఖం మీద ఉన్నదేమిటి

చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు పక్కనా నూనె తయారుచేసే సెబేషియస్ గ్రంథి ఉంటుంది. అది వదిలే జిడ్డు పేరు సెబమ్. కుదురు లోపల రాలిన చర్మకణాలు, సెబమ్ కలిసి గడ్డకట్టి దారి మూసుకుపోతే కామెడోన్ అంటారు. మొటిమలన్నీ మొదలయ్యేది ఇక్కడే. పైన చర్మం కప్పి తెల్ల గింజలా కనిపిస్తే క్లోజ్డ్ కామెడోన్, అంటే వైట్‌హెడ్. నోరు తెరుచుకుని నల్లగా కనిపిస్తే ఓపెన్ కామెడోన్, అంటే బ్లాక్‌హెడ్. ఆ నలుపు మురికి కాదు. లోపలి మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం), కొవ్వు గాలి తగిలి నల్లబడతాయి. అందుకే ఎంత రుద్దినా పోదు, రుద్దిన చోట చర్మం ఎర్రబడి మరింత రేగుతుంది.

మూసుకుపోయిన కుదురులో క్యూటీబ్యాక్టీరియం అక్నెస్ అనే బ్యాక్టీరియా పెరిగి వాపు మొదలైతే పేర్లు మారతాయి. ఎర్రగా, గట్టిగా, చీము లేకుండా 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే పాప్యూల్. తలమీద చీము కనబడితే పస్ట్యూల్. 5 మిల్లీమీటర్లు దాటి, చర్మం లోపలికి పాతుకుపోయి, ముట్టుకుంటే నొప్పి పెడితే నాడ్యూల్. లోపల మెత్తగా చీము, ద్రవం నిండి ఉంటే సిస్ట్. నాడ్యూల్, సిస్ట్ ఉన్నాయంటే మచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. వాటికి ఇంట్లో వైద్యం వద్దు, షాపు వైద్యం అసలే వద్దు.

చీటీ మీద "అక్నే వల్గారిస్" అని చూసి భయపడకండి. మామూలు మొటిమలకు వైద్యంలో ఉన్న పేరే అది. పక్కన గ్రేడ్ అంకె ఉంటుంది. గ్రేడ్ 1 అంటే ఎక్కువగా కామెడోన్లు, ఒకటో రెండో పాప్యూల్స్. గ్రేడ్ 2లో పాప్యూల్స్ ఎక్కువ, కొన్ని పస్ట్యూల్స్. గ్రేడ్ 3లో పస్ట్యూల్స్ బాగా ఉండి నాడ్యూల్స్ కూడా కనిపిస్తాయి. గ్రేడ్ 4 అంటే సిస్టులు, గడ్డలు, మచ్చలు. మందు ఎంత బలంగా ఉండాలో చాలావరకు ఈ అంకె మీదే ఆధారపడుతుంది. పక్కింటి అమ్మాయికి పనిచేసిన ట్యూబు మీకు పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

మొటిమ పోయాక మిగిలేదాన్ని అందరం మచ్చ అనే అంటాం గానీ డాక్టరు మూడు రకాలుగా రాస్తారు. గోధుమ, నలుపు రంగు మరక అయితే పీ.ఐ.హెచ్., అంటే వాపు తగ్గాక మిగిలిన నలుపు. మన చామనఛాయ చర్మాల్లో ఇదే ఎక్కువ. నెలలు పట్టినా తగ్గుతుంది, ఎండ తగిలితే ముదురుతుంది. ఎర్రగా మిగిలితే పీ.ఐ.ఈ. చర్మమే గుంటపడితే అప్పుడు స్కార్. స్కార్‌లో సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉంటే ఐస్ పిక్, అంచులు నిటారుగా ఉన్న గుంట అయితే బాక్స్‌కార్, అలల్లా ఎత్తుపల్లాలుంటే రోలింగ్. భుజం, ఛాతీ మీద మచ్చ మొటిమ హద్దు దాటి ఉబ్బుగా పెరిగితే కీలాయిడ్. మరక క్రీముతో పోతుంది. గుంట క్రీముతో పూడదు. గుంటలకు ట్యూబు మీద ట్యూబు కొనేవాళ్లు ఈ ఒక్క తేడా తెలుసుకుంటే చాలు.

మొటిమలా కనిపించి మొటిమ కానివీ ఉన్నాయి. ఎండాకాలం మెడ, వీపు మీద లేచే చెమటకాయలు మిలియేరియా. నుదురు, ఛాతీ, వీపు మీద అన్నీ ఒకే సైజులో లేచి బాగా దురద పెడితే మలసీజియా ఫాలిక్యులైటిస్ కావచ్చు. అది ఫంగస్ వల్ల వచ్చేది, మొటిమల యాంటీబయాటిక్ వాడితే పెరుగుతుంది. గుండ్రంగా అంచు కట్టి పాకితే తామర, చీటీ మీద టీనియా అని ఉంటుంది. బుగ్గల మీది మంగు మచ్చలు మెలాస్మా. పాలిపోయిన మచ్చలో స్పర్శ తెలియకపోతే కుష్ఠు పరీక్షకు వెంటనే వెళ్లాలి, దానికి మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకొకటి: మొటిమకు కామెడోన్ ఉంటుంది. ముఖమంతా వెతికినా ఒక్క వైట్‌హెడ్డూ బ్లాక్‌హెడ్డూ లేకపోతే అది మొటిమేనా అని అనుమానించాలి.

చీటీ చదవడం

ఇట్లాంటి చీటీ ఒకటి అనుకుందాం:

సి/ఓ పొక్కులు, 6/12
అక్నే వల్గారిస్ గ్రేడ్ 2, పీ.ఐ.హెచ్. +, ? పీ.సీ.ఓ.ఎస్.
అడపలీన్ 0.1% జెల్, ఎల్/ఎ, హెచ్.ఎస్.
క్లిండమైసిన్ 1% + బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5% జెల్, ఎల్/ఎ, ఓ.డి., ఉదయం
క్యాప్ డాక్సీసైక్లిన్ 100, 1-0-0, పీ.సి.
సన్‌స్క్రీన్ ఎస్.పీ.ఎఫ్. 30
రివ్యూ 6/52

సి/ఓ అంటే మీరు చెప్పుకున్న బాధ. హెచ్/ఓ అని ఉంటే గతంలో ఉన్నది, కే/సి/ఓ అంటే ఇప్పటికే తేలిన జబ్బు. గీత కింద 12 ఉంటే నెలలు, 52 ఉంటే వారాలు, 7 ఉంటే రోజులు. కాబట్టి 6/12 అంటే ఆరు నెలల నుంచి, రివ్యూ 6/52 అంటే ఆరు వారాల తర్వాత రావాలి. దాన్ని తేదీ అనుకుని పొరపడేవాళ్లు ఉన్నారు. పేరు పక్కన + ఉంటే అది ఉందని. జబ్బు పేరు ముందు ప్రశ్న గుర్తు ఉంటే అది అనుమానం మాత్రమే, తేలిన మాట కాదు. పీ.సీ.ఓ.ఎస్. అంటే అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన సమస్య. నెలసరి సరిగ్గా రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు, దవడ వెంట మొండి మొటిమలు కలిసి ఉంటే డాక్టరు ఆ గుర్తు పెట్టి హార్మోను పరీక్షలు, స్కానింగు రాస్తారు. పెళ్లికాని ఆడపిల్లకు స్కానింగు ఎందుకని ఇంట్లోవాళ్లు వెనక్కి తగ్గొద్దు. ఇది పొట్ట మీద నుంచి చేసే పరీక్ష.

క్యాప్ అంటే క్యాప్సూల్. ఎల్/ఎ, ఈ/ఎ రెండూ పైపూతకే. ఓ.డి. రోజుకోసారి, బీ.డి. రెండుసార్లు, టీ.డి.ఎస్. మూడుసార్లు, హెచ్.ఎస్. రాత్రి పడుకునే ముందు, ఎస్.ఓ.ఎస్. అవసరమైనప్పుడు మాత్రమే. ఏ.సి. తినకముందు, పీ.సి. తిన్నాక. 1-0-0 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి లేదు.

ట్యూబు వెనక చిన్న అక్షరాలు

ఇక్కడ కాస్త ఆగాలి, అసలు నష్టం జరిగేది ఇక్కడే గనుక. ట్యూబు తిప్పి "కాంపోజిషన్" అన్న చోటు వెతకండి. "అడపలీన్ ఐ.పి. 0.1% డబ్ల్యు/డబ్ల్యు" అని ఉందనుకోండి. ఐ.పి. అంటే భారత ఔషధ ప్రమాణ గ్రంథం ప్రకారం ఉన్న మందు. డబ్ల్యు/డబ్ల్యు అంటే బరువులో బరువు: 0.1 శాతమంటే గ్రాము జెల్‌లో 1 మిల్లీగ్రాము మందు, 15 గ్రాముల ట్యూబులో 15 మిల్లీగ్రాములు. క్యూ.ఎస్. అంటే సరిపడినంత: మిగతాదంతా బేస్, అంటే మందును కలిపిన జెల్ లేదా క్రీము. శాతాన్ని ఒకే మందులో పోల్చాలి. 20 శాతం అజెలాయిక్ యాసిడ్, 0.1 శాతం అడపలీన్ కంటే రెండు వందల రెట్లు బలమైందని కాదు, అవి వేర్వేరు మందులు.

ఇప్పుడు పేరు చివర చూడండి. బీటామెథసోన్, మొమెటసోన్, బెక్లోమెథసోన్, హైడ్రోకార్టిసోన్: చివర "సోన్". ఫ్లూసినోలోన్, ట్రయామ్‌సినోలోన్: చివర "లోన్". క్లోబెటసోల్, హాలోబెటసోల్: చివర "సోల్". ఇవన్నీ స్టెరాయిడ్లు, అంటే వాపును అణిచే మందులు. క్లోట్రిమజోల్, కీటోకొనజోల్ లాంటి "జోల్" పేర్లు మాత్రం ఫంగస్ మందులు. సోల్‌కూ జోల్‌కూ ఒక్క అక్షరమే తేడా, కాబట్టి నిదానంగా చదవండి. ఈ గుర్తులకు మినహాయింపులు ఉన్నాయి: డాప్సోన్ స్టెరాయిడ్ కాదు, 5% జెల్‌గా మొటిమలకే వాడతారు. డెసోనైడ్ "సోన్"తో ముగియకపోయినా స్టెరాయిడే.

మొటిమలున్న ముఖానికి స్టెరాయిడ్ క్రీము రాస్తే మొదటి వారంలో చాలా బాగుంటుంది. రక్తనాళాలు కుంచించుకుపోయి ముఖం తెల్లగా కనిపిస్తుంది, వాపు అణిగి పొక్కులు మెత్తబడతాయి. అందుకే ఆ ట్యూబు చేతులు మారుతూ హాస్టల్ గదులన్నీ తిరుగుతుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, నూగు వెంట్రుకలు పెరుగుతాయి, ఎండలోకి పోతే మండుతుంది, ఒకే సైజు పొక్కులు గుంపుగా లేస్తాయి. మానేస్తే రెండు మూడు రోజుల్లో ముఖం ఎర్రగా రేగుతుంది కాబట్టి మళ్లీ అదే రాస్తారు. చీటీ మీద టీ.ఎస్.డీ.ఎఫ్. అని కనిపిస్తే అది ఇదే, స్టెరాయిడ్ పూతల వల్ల దెబ్బతిన్న ముఖం. చాలా వారాలుగా రాస్తున్నవాళ్లు భయపడి ఒక్కరోజులో మానేసి ఇంట్లో అవస్థ పడొద్దు. ట్యూబు పట్టుకుని చర్మ డాక్టరు దగ్గరికి వెళితే తగ్గించుకుంటూ మానే పద్ధతి చెప్తారు.

రెండు మిశ్రమాలను గట్టిగా గుర్తుంచుకోండి. ఒకటి హైడ్రోక్వినోన్ 2%, ట్రెటినోయిన్ 0.025%, మొమెటసోన్ 0.1% కలిసినది. అది మంగు మచ్చలకు, డాక్టరు చూస్తుండగా కొన్ని వారాలు వాడే మందు. తెల్లబడే క్రీము కాదు, మొటిమల క్రీము అసలే కాదు. రెండోది స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపినది. తామరకని కొని ముఖానికీ రాస్తుంటారు. స్టెరాయిడ్ దురదను అణిచిపెడుతుంటే తామర కింద పాకుతూనే ఉంటుంది, ఆకారం మారిపోయి డాక్టరు కూడా వెంటనే పోల్చుకోలేని స్థితి వస్తుంది. స్టెరాయిడ్ పూతలను 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. ట్యూబు మీద ఆర్‌ఎక్స్ అని, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక అని ఉంటే "ఏం కాదు, అందరూ వాడతరు" అన్న మాట మీద కొనకండి.

మొటిమకు నిజంగా పనిచేసేవి, వాటి పద్ధతి

అడపలీన్, ట్రెటినోయిన్ రెటినాయిడ్లు. కుదురు మూసుకుపోకుండా చూస్తాయి. రాత్రి ముఖం కడిగి, తుడిచి, 20 నిమిషాలు ఆరనిచ్చి, బఠాణీ గింజంత తీసుకుని నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మీద చుక్కలు పెట్టి పలచగా పరచాలి. మొటిమ మీద మాత్రమే పెట్టడం పెద్ద పొరపాటు. రేపు లేవబోయే మొటిమను ఆపడమే దీని పని, కాబట్టి మొటిమలు వచ్చే చోటంతా రాయాలి. కళ్ల మూలలు, ముక్కు పక్క మడతలు, పెదాల చివరలు వదిలేయాలి. మొదటి రెండు వారాలు రాత్రి మార్చి రాత్రి చాలు. పొట్టు లేచి మండితే ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద మందు రాయండి. తొలి వారాల్లో మొటిమలు కాస్త పెరిగినట్టు కనిపిస్తే మందు వికటించిందని మానేయొద్దు. ఫలితం తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు వాడకూడదు.

బెంజాయిల్ పెరాక్సైడ్ బ్యాక్టీరియాను చంపుతుంది, దానికి బ్యాక్టీరియా అలవాటుపడదు. 2.5% తో మొదలుపెడితే చాలు, శాతం పెంచితే మంట పెరుగుతుంది గానీ ఫలితం అంతగా పెరగదు. తువ్వాలు, దిండు గలీబు, చున్నీ రంగు వెలిసిపోతాయి, తెల్లవి వాడండి. మామూలు ట్రెటినోయిన్‌తో కలిపి ఒకేసారి రాస్తే దాన్ని పాడుచేస్తుంది, అందుకే ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. అడపలీన్‌తో ఆ ఇబ్బంది లేదు.

క్లిండమైసిన్ యాంటీబయాటిక్. ఒంటరిగా నెలల తరబడి రాస్తే బ్యాక్టీరియా మొండికేస్తుంది. అందుకే బెంజాయిల్ పెరాక్సైడ్‌తో జత చేస్తారు. డాక్సీసైక్లిన్ మింగే యాంటీబయాటిక్, మామూలుగా మూడు నెలలు దాటనివ్వరు. గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట వరకు పడుకోకూడదు. గొట్టంలో ఇరుక్కుంటే అన్నవాహిక పుండవుతుంది. బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఐరన్ మాత్ర, కాల్షియం, గ్యాసు మందుతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు, రెండు మూడు గంటల తేడా ఉంచాలి. ఈ మందు వాడేటప్పుడు చర్మం ఎండకు తొందరగా కాలుతుంది. పత్తి ఏరడానికి, నాట్లకు పోయేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. గర్భిణులకు, 8 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వరు.

అజెలాయిక్ యాసిడ్ మొటిమకూ, నల్ల మరకకూ రెండింటికీ పనికొస్తుంది. గర్భిణులకు డాక్టర్లు రాసే కొద్ది పూతల్లో ఇదొకటి. సాలిసిలిక్ యాసిడ్ 2% లోపు ఫేస్‌వాష్‌లలో ఉంటుంది, బ్లాక్‌హెడ్స్‌కు కొంత సాయం.

ఐసోట్రెటినోయిన్ క్యాప్సూల్ గురించి మాత్రం ఒక్క మాటా వదలకుండా చదవండి. ముదిరిన మొటిమలకు దీన్ని మించిన మందు లేదు. కానీ గర్భంలో బిడ్డకు తీవ్రమైన అవకరాలు తెస్తుంది. మొదలుపెట్టడానికి నెల ముందు నుంచి, ఆపిన నెల తర్వాతి వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తుంటే ఆ విషయం దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఆ కాలమంతా రక్తదానం చేయకూడదు. విటమిన్ ఏ మాత్రలు వద్దు. డాక్సీసైక్లిన్‌తో కలపకూడదు, మెదడులో ఒత్తిడి పెరిగే ప్రమాదముంది. చీటీ మీద ఎల్.ఎఫ్.టీ., లిపిడ్ ప్రొఫైల్ అని రాస్తే లివరు, కొవ్వు పరీక్షలు, అవి ఎగ్గొట్టొద్దు. పెదాలు ఎండిపోవడం దాదాపు అందరికీ ఉంటుంది. అన్నం తిన్నాక వేసుకోవాలి, కొవ్వుతో కలిస్తేనే బాగా ఒంటికి పడుతుంది.

మిగతా మాటలు

నాన్-కామెడోజెనిక్ అంటే కుదుర్లు మూయకుండా తయారుచేసినది, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ కొనేటప్పుడు చూడాల్సిన మాట. తలకు పెట్టిన కొబ్బరినూనె నుదుటి మీదికి కారి అక్కడే గింజలు లేస్తే పోమేడ్ అక్నే. హెల్మెట్ పట్టీ, బ్యాగు పట్టీ ఒరుసుకునే చోట వస్తే అక్నే మెకానికా. ఎస్.పీ.ఎఫ్. ఒక రకం ఎండకు, పక్కనుండే పీఏ+++ ఇంకో రకం ఎండకు రక్షణ, రెండూ ఉన్నదాన్ని చూపుడువేలు, నడిమివేలు పొడవునా పిండి ముఖానికీ మెడకూ రాయాలి.

మన దగ్గర చాలా ఊళ్లలో బోరునీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. సబ్బు నురగ రాక, దాని తెట్టు చర్మం మీదే ఉండిపోయి ముఖం పొడిబారుతుంది. మందులు వాడేటప్పుడు ఆ పొడిదనం మంటగా మారుతుంది. సబ్బు మాని సోప్-ఫ్రీ క్లెన్సర్‌తో రోజుకు రెండుసార్లు కడిగితే చాలు. నిమ్మరసం, టూత్‌పేస్ట్, వంటసోడా మొటిమ మీద పెట్టకండి, కాలిన మచ్చ మొటిమ కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. "ఒంట్లో వేడి" అని మజ్జిగ తాగడం మంచిదే, దాంతో కామెడోన్ కరగదు. తీపి, కూల్‌డ్రింకులు తగ్గిస్తే కొందరికి మేలు. జిమ్ములో వే ప్రొటీన్ మొదలుపెట్టాక మొటిమలు లేస్తే ఆ సంగతీ చెప్పండి.

మొటిమలతో పాటు జ్వరం, కీళ్లనొప్పులు వస్తే, కంటి చుట్టూ వాపు వస్తే, ముక్కు లోపలో పై పెదవి మీదో సెగ్గడ్డ లేచి ఎర్రదనం పాకుతుంటే అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఆ గడ్డను గిల్లకూడదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ డాక్టరు గది మీద డీ.వీ.ఎల్. అని ఉంటుంది: చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు మూడూ ఒకే విభాగం. ఆ బోర్డు కింద కూర్చోవడానికి ఆడపిల్లలు జంకాల్సిన పనిలేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. బయట అయితే డాక్టరు పేరు పక్కన ఎం.డీ. డీ.వీ.ఎల్., డీ.డీ.వీ.ఎల్., లేదా చర్మ విభాగంలో డీ.ఎన్.బీ. ఉందా చూడండి. కాస్మెటాలజీ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే చర్మ వైద్య నిపుణులు కారు.

ఓపీకి పోయేటప్పుడు ముఖానికి పౌడరు, క్రీము లేకుండా పోవాలి. ఇంతకుముందు రాసిన ట్యూబులన్నీ, అయిపోయినవైనా సరే, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఆర్‌ఎంపీ ఇచ్చినవీ, స్నేహితురాలు ఇచ్చినవీ కూడా. మింగే మాత్రల పేర్లు, చివరి నెలసరి తేదీ, ఏ ట్యూబు ఎన్నాళ్లు రాశారో ఒక కాగితం మీద రాసి సంచిలోనే పెట్టండి.